వాగుకు ఒడిబియ్యం

సిరిపేటకు ఎర్రవాగంటే ప్రాణం. ఈ మాట ముందే చెప్పడం మంచిది. లేకపోతే జరిగిందంతా విన్నాక ఆ ఊరివాళ్ళను దుర్మార్గులనుకునే ప్రమాదం ఉంది. వాళ్ళు దుర్మార్గులు కారు. పొద్దున్నే నడకకు వచ్చి చెక్‌డ్యాం మీద నిలబడి సూర్యుడికి దండం పెడతారు. పెళ్ళికి ముందు ఫొటోలు అక్కడే దిగుతారు. బతుకమ్మలను అక్కడే సాగనంపుతారు. ఎవరి ఫోన్ తీసి చూసినా నిండుగా ఉన్న వాగు ఫొటో ఒకటి, దాని కింద ‘గంగమ్మ తల్లి’ అని ఒక ముక్క తప్పకుండా ఉంటాయి. కాకపోతే వాళ్ళు ప్రేమించే వాగు ఆ చెక్‌డ్యాం గోడ వెనక నిలిచిన నీళ్ళ మేరకే. దిగువన గోదావరి దాకా, ఎగువన అడవి దాకా కూడా వాగు ఉందన్న సంగతిని ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు.

జమున అత్తగారిల్లు ఆ ఎగువన, ఒర్రెపల్లిలో. అక్కడ గంగపుత్రుల ఇళ్ళు ఒక వాడంతా ఉంటాయి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో వానకాలం మొదటి వరద దిగగానే గోదావరిలోంచి చేపలు వాగుకు ఎదురెక్కి వచ్చేవి. వాలుగలు, రవ్వలు, మోసులు కడుపునిండా గుడ్లతో, రాళ్ళకు పొట్టలు రాసుకుంటూ వచ్చి ఒర్రెపల్లి మడుగుల్లో గుడ్లు పెట్టేవి. ఆ మొదటి వరదకు వాడలో ఎవరూ వల ముట్టేవారు కాదు. ఎవడైనా ఆశపడి ముట్టుకుంటే ఇంట్లో ఆడవాళ్ళే తిట్టిపోసేవారు. రెండో వరద వచ్చాక గంగమ్మకు కోడిని కోసి, అప్పుడు వలలు దించేవారు. ఏడాదంతా ఆ మడుగులే తిండి పెట్టేవి.

సిరిపేట దగ్గర గోడ లేచాక చేపలు దానికి తల కొట్టుకుని వెనక్కి పోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మడుగుల్లో వేలెడంత పరకలు తప్ప ఏమీ లేవు. జమున మంచిర్యాల మార్కెట్లో ఐస్ చేపలు అమ్ముతుంది, ఎక్కడో కోస్తా చెరువుల్లో పెరిగి లారీలో వచ్చినవి. గంగపుత్రుల ఇంటి కోడలై ఉండి థర్మాకోల్ డబ్బాలోంచి చేప తీసి అమ్మడం ఆమెకు ఇన్నేళ్ళయినా తల కొట్టేసినట్టే ఉంటుంది.

భర్త లక్ష్మణ్ రెండుసార్లు గల్ఫ్‌కు పోయి వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు నడుము పట్టుకుపోయి, ఎండకు తోలు మాడిపోయి, తన ఇంట్లో తానే ఎవరో అరుస్తారేమో అన్నట్టు మెల్లగా మాట్లాడే మనిషయ్యాడు. అతన్ని మళ్ళీ దారిలో పెట్టుకోవడానికి జమునకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు జగిత్యాల ఏజెంటు మళ్ళీ ఫోన్లు చేస్తున్నాడు.

“మిర్గం దాక సూస్త,” అన్నాడు లక్ష్మణ్ ఎండాకాలంలో ఒకనాడు, అటక మీది పాత వల దించి కుట్టుకుంటూ. “గీ యేడు చాప ఎక్కిందా, ఉంట. ఎక్కలేదా, పోత. గప్పుడు నువ్వు ఏడ్వద్దు, నన్ను ఏడిపియ్యొద్దు.”

మృగశిర కార్తె వచ్చే రోజును ఆ పక్కన మిర్గం అంటారు. జమున ‘సరే’ అంది. అలా అనగలిగిందంటే ఆమెకు ఆశ ఉంది. ఆ ఆశ పుట్టించింది దీపిక.

దీపిక కరీంనగర్ పిల్ల. హైదరాబాద్‌లో నదుల మీద పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగం. పోయిన వానకాలంలో భుజానికి సంచి తగిలించుకుని వాగు పొడుగునా నడిచింది. పొలాలకు కాలువ నీళ్ళు వచ్చాయి కాబట్టి సిరిపేట చెక్‌డ్యాం కింద ఇప్పుడు పారే మడి ఒక్కటీ లేదని, దాన్ని తీసేస్తే గోదావరి నుంచి అడవి దాకా చేపలకు దారి తెరుచుకుంటుందని ఆ సంస్థ వాదన. అయితే ముందు జనం ఏమనుకుంటున్నారో అడగాలి. దీపిక ఇంటింటికీ తిరిగి అడిగింది. వాగు మీ ఊరికి ముఖ్యమా అంటే చాలా ముఖ్యం అన్నారు. వాగులో చేపలు బతకాలా అంటే తప్పకుండా బతకాలి అన్నారు, కొందరు చేతులు జోడించి మరీ అన్నారు. మరి గోడ తీసేద్దామా అంటే చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

మాఘమాసంలో ఊరివాళ్ళందరినీ ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి సభ పెట్టారు. చెక్‌డ్యాం చూసుకునే ఇంజనీరు అరుణ్‌కుమార్ వచ్చాడు. ఒర్రెపల్లి నుంచి జమున, ఇంకొందరు ఆడవాళ్ళు ఆటోలో వెళ్ళారు. మగవాళ్ళు రాలేదు. వస్తే కొట్లాట అవుతుందని వాళ్ళకు తమ మీద తమకు నమ్మకం.

సిరిపేట తరఫున రామచంద్రం మాట్లాడాడు. హెడ్‌మాస్టరుగా రిటైరయి, వాకర్స్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఏటా మొక్కలు నాటిస్తాడు, ప్లాస్టిక్ వాడొద్దని ప్లాస్టిక్ ఫ్లెక్సీలు కట్టిస్తాడు.

“నేను పర్యావరణ ప్రేమికుణ్ణి,” అని మొదలుపెట్టాడు. “గీ నీళ్లు సూడకుంటె నాకు పొద్దు పొడువది. గోడ తీస్తే ఏమైతది? ఇసుక తేల్తది, రాళ్లు తేల్తయి. కొంగలు రావు. గింత సక్కని ప్రకృతిని నాశనం చేస్తమంటె మేం ఒప్పుకోం.”

చప్పట్లు మోగాయి. దీపిక ఏదో చెప్పబోయింది కానీ ఎవరూ వినలేదు. సిమెంటు గోడ ప్రకృతి అయిపోయింది, ఆ గోడ లేని కాలం నుంచీ వాగులో ఉన్న ఇసుక, రాళ్ళు చెత్త కింద తేలాయి. ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. ఇంకాసేపైతే సభ ముగిసేది. అప్పుడు జమున కొంగు నడుముకు చెక్కుకుని లేచింది.

“అందరికి దండాలు. నేను ఒర్రెపల్లి నుంచి వచ్చిన. జర ఆగి ఇనుండ్రి. మొదటి వరదకు వచ్చే చాప ఊరు తిరిగేటందుకు వస్తలేదు. నెలలు నిండిన ఆడిపిల్ల కాన్పుకు తల్లిగారింటికి వస్తది సూడు, గట్ల వస్తది. గోదారి దానికి అత్తగారిల్లు, మా మడుగులు తల్లిగారిల్లు. మీరు దర్వాజ కాడ గోడ కట్టిండ్రు. గా పిల్ల కడుపుతోటి గోడకు తల్కాయ కొట్టుకొని కొట్టుకొని ఆడ్నే సస్తది. మీ ఇండ్లల్ల ఆడిపిల్లలు లేరా? కాన్పుకొచ్చిన బిడ్డను సూసి ఎవరన్న తలుపేసుకుంటరా?”

ముందు వరసలో కూర్చున్న సక్కుబాయి కళ్ళు తుడుచుకుంటూ లేచింది. పద్మశాలీల ఇంటామె, పవర్‌లూములకు కండెలు చుడుతుంది. ఊళ్ళో ఏ పెళ్ళికైనా పేరంటానికైనా ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద.

“మా నవ్యశ్రీ గట్లనే వచ్చి ఇంట్ల ఉన్నది, ఏడో నెల,” అంది. “గోడ తీయకుండ్రి గని, గా పిల్లకు దారి ఇయ్యుండ్రి సారు. అది వచ్చిననాడు నేను ఒడిబియ్యం పోస్త.”

పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల కొంగులో పసుపు కలిపిన బియ్యం పోయడం తల్లిగారి మర్యాద. ఆ మర్యాద చేపకు చేస్తానన్న మాట వినగానే హాల్లో ఆడవాళ్ళంతా మేమూ పోస్తామంటే మేమూ పోస్తామన్నారు. ఇంజనీరుకు ప్రాణం లేచివచ్చింది. గోడా ఉంటుంది, చేపా పైకి పోతుంది. గోడకు ఒక చివరన సిమెంటు తొట్లు మెట్లు మెట్లుగా కడదామన్నాడు, వాటిలోంచి నీళ్ళు వదిలితే చేపలు ఒక్కో తొట్టీ ఎగిరి పైకి చేరతాయి. ఒక్క వానకాలం చూద్దాం, చేపలు గోడ దాటి పైకి చేరితే ఇలాంటివే వేరే వాగుల మీది గోడలకూ కడదాం, చేరకపోతే మూసేద్దాం అన్నాడు. రామచంద్రం కూడా తల ఊపాడు.

ఆటోలో తిరిగి వస్తుంటే ఆడవాళ్ళు జమున మాటలే మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నారు. ఆమెకు గర్వంగా ఉంది. ఉండదా మరి? గోడ కట్టిన ఊరితో చేప కోసం కంటతడి పెట్టించింది.

మెట్లు ఎండాకాలంలో కట్టారు. రోహిణి ఎండలు మండుతుండగా దీపిక ఒర్రెపల్లి వచ్చి జమున ఇంటి ముందు పందిరి కింద కూర్చుంది. మెట్లలోకి నీళ్ళు వదిలే తలుపు ఎప్పుడు ఎత్తాలన్నది మాట.

“ఎవరికీ చెప్పకుండ ఎత్తుదామక్కా,” అంది దీపిక. “మొదటి వరద ఏనాడొస్తే గానాడు. టెంటు వద్దు, మైకు వద్దు. చేపలు వాటి పని అవి చేసుకుంటయి.”

“దొంగతనం చేస్తున్నమా చెల్లె?” అంది జమున. “ఊరు సూడకుంటె ఊరు ఒప్పది. రేపు ఎన్ని ఎక్కినా రామచంద్రం సారు ఉత్తదే అంటడు. వాళ్ల కండ్లతోని వాళ్లు సూడాలె. మిర్గం నాడు పెట్టుండ్రి. గానాడు ఊరంత చాపనే తల్సుకుంటది.”

“గానాడు జనం మస్తు వస్తరు కదక్కా.”

“రావాలె.”

దీపిక ఇంకేదో అనబోయి, ఆఖరికి ఆ రోజే రాసుకుంది. జనం మనసు మార్చింది ఈమే కదా, ఈమెకు తెలియదా అనుకుని ఉంటుంది.

జమునకు తెలియక కాదు. మృగశిర నాడు తెలంగాణ అంతా చేపను ఎలా తలుచుకుంటుందో ఆమెకంటే ఎవరికి తెలుసు? ఆమె డబ్బాలు పొద్దెక్కకముందే ఖాళీ అయ్యేది ఆ రోజే. ఆ పూట చేప ముక్క నోట పడకపోతే వానకాలమంతా దగ్గూ ఆయాసమూ తప్పవని ఇంటింటా నమ్మకం. తిననివాళ్ళు ఇంగువ బెల్లం కలిపి మింగుతారు. కానీ ఆ సభలో లేచిన దగ్గర్నుంచి జమున చేపను ఆడపిల్లగానే చూస్తోంది. దాని గురించే మాట్లాడి మాట్లాడి, అది కూర కూడా అన్న సంగతి మరిచిపోయింది. చేపలమ్మే మనిషి మరిచిపోయింది.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. మిర్గం ముందురోజు వాగు ఎర్రగా, నురగ కక్కుతూ దిగింది. గోదావరిలోంచి వచ్చిన చేపలు గోడ కింద నీళ్ళలో గిరగిరా తిరుగుతున్నాయని కబురు వచ్చింది. ఒర్రెపల్లిలో జమున మామ అంతయ్య, వాడలో అందరికంటే పెద్దవాడు, ఇంటింటికీ తిరిగి మొదటి వరదకు వల ముట్టొద్దని మళ్ళీ గుర్తుచేశాడు. గుర్తుచేయాల్సిన అవసరం వచ్చి ఎన్నేళ్ళయిందో! మగవాళ్ళు మడుగుల్లో పడిన ముళ్ళకంపలు తీసేశారు. లక్ష్మణ్ నడుముకు తువ్వాల బిగించుకుని అందరికంటే ముందు దిగాడు.

మిర్గం నాడు పొద్దున జమున పట్టుచీర కట్టుకుని సిరిపేట వెళ్ళింది. అక్కడ పెళ్ళికి వేసినట్టు టెంటు వేశారు. రామచంద్రం ఫొటోతో ‘చేపతల్లికి స్వాగతం’ అని ఫ్లెక్సీ కట్టారు. ఆడవాళ్ళు పళ్ళాల్లో పసుపు బియ్యం, కొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, రవికె బట్టలు పట్టుకుని బారులు తీరారు. సక్కుబాయి అందరికంటే ముందుంది. వైశాఖంలో ఆమె కూతురు నవ్యశ్రీకి ఆడపిల్ల పుట్టింది.

ఇంజనీరు తలుపు ఎత్తాడు. నీళ్ళు తొట్టి నుంచి తొట్టికి దూకుతూ దిగాయి. సక్కుబాయి పై తొట్టిలో బియ్యం పోసింది. మిగతా ఆడవాళ్ళూ పోశారు. పచ్చటి బియ్యం నీళ్ళతో పాటు మెట్లు దిగుతూ పోయింది. ఊరంతా తొట్ల వైపే చూస్తోంది.

ముందు ఒక రవ్వ ఎగిరింది. కింది తొట్టిలో పడి, ఒక్క క్షణం ఆగి, రెండో తొట్టిలోకి ఎగిరింది. జనం ఒక్కసారిగా ‘ఓ’ అన్నారు. దాని వెనక మోసులు, వాటి వెనక మనిషి చేయంత వాలుగ ఒకటి, పొట్ట ఉబ్బి, మీసాలు ఆడిస్తూ వచ్చింది.

“అగో, వస్తుంది! నా తల్లి వస్తుంది!” సక్కుబాయి ఏడుస్తోంది.

జమున కూడా ఏడుస్తోంది. ఆ గోడ లేచాక వాగును చూసి ఆమె సంతోషంతో ఏడవడం అదే మొదలు. లక్ష్మణ్‌కు ఫోన్ చేసింది.

“ఎక్కుతున్నయ్! వాలుగలు ఎక్కుతున్నయ్! నీళ్లల్ల ఎవ్వలు దిగకుండ్రి, మడుగులు కలకజెయ్యకుండ్రి!”

అవతల లక్ష్మణ్ గట్టిగా నవ్వాడు. గల్ఫ్ నుంచి వచ్చాక అతను అలా నవ్వగా ఆమె వినలేదు. పక్కనున్న వాళ్ళకు చెబుతున్న అతని గొంతు కూడా వినిపించింది, ఆ గొంతులో మెల్లదనం లేదు.

ఆమె ఫోన్ జాకెట్లో పెట్టుకునేలోపు హనుమండ్లు వంగాడు. హనుమండ్లుకు ఊళ్ళో మోటారు రిపేరు షాపు ఉంది, మంచివాడు, ఎవరి బోరు చెడినా పండగపూటైనా వచ్చి బాగుచేస్తాడు. నడుమ తొట్టిలో అలిసిపోయి ఆగిన రవ్వను రెండు చేతులా ఎత్తి, భక్తిగా కళ్ళకద్దుకున్నాడు.

“మిర్గం నాడు గంగమ్మ ఇంటికొచ్చి ఇస్తుంటె ఒద్దంటమా? గిది ప్రసాదం!”

ప్రసాదం అన్న మాట ఒక్కటి చాలు. అప్పటిదాకా నిలబడి చూస్తున్న వాళ్ళు కదిలారు. ఒకడు బకెట్ తెచ్చాడు, ఒకడు దోమతెర తెచ్చాడు, గంపలొచ్చాయి, టెంటు కింద పరిచిన తెల్లగుడ్డ కూడా వచ్చింది. చేప ఎక్కడానికి ఎంత అనువుగా కట్టారో, చేప పట్టడానికి ఆ తొట్లు అంతకంటే అనువుగా ఉన్నాయి. ఎగిరిన చేప ఎగిరినట్టే బకెట్లో పడుతోంది. వలతో పనిలేదు, పడవతో పనిలేదు, జీవితంలో చేప పట్టి ఎరగనివాళ్ళు కూడా వంగి తీసుకుంటున్నారు. ఒడిబియ్యం పోసి ఖాళీ అయిన పళ్ళాల్లో ఆడవాళ్ళు చేపలు పెట్టుకుంటున్నారు.

“ఆపుండ్రి! పైకి పోనియ్యండి!” అని దీపిక గొంతు చించుకుంటోంది. రామచంద్రం మైకు అందుకున్నాడు. “దయచేసి తోసుకోవద్దు. లైన్లో రండి. ఇంటికి ఒక్కటే తీసుకోండి. పర్యావరణాన్ని కాపాడుకునే బాధ్యత మనందరిది.” ఇంజనీరు కంగారుపడి తలుపు దించేశాడు. దాంతో తొట్లలో నీళ్ళు కిందికి దిగిపోయాయి, మిగిలిన చేపలు అడుగున తన్నుకుంటూ పడ్డాయి. ఇక ఏరుకోవడమే.

జమున పట్టుచీరతోనే తొట్టిలోకి దిగి చేతులు చాపి నిలబడింది.

“కాన్పుకొచ్చిన పిల్లను కోసుక తింటరా? మీకు కండ్లు లేవా? మన్ను కొట్టుకపోతరు!”

హనుమండ్లు నొచ్చుకున్నాడు. “గంత మాటెందుకు వదినె? నువ్వు మార్కెట్ల అమ్మితే తప్పులేదు, మేం ఒక్కనాడు పట్టుకుంటే తప్పయ్యిందా?”

దానికి జవాబు ఉంది, ఒర్రెపల్లిలో ఏ ఆడదైనా చెబుతుంది. కానీ అక్కడ, ఆ బకెట్ల నడుమ, ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఆమె కాళ్ళ సందులోంచి ఎవరో చేయి పెట్టి మోసునొకదాన్ని లాక్కుని పోయారు. వాలుగ సక్కుబాయి పళ్ళెంలో ఉంది. పసుపు బియ్యం గింజలు దాని వీపుకు అంటుకుని ఉన్నాయి.

“మా నవ్యశ్రీకి,” అంది సక్కుబాయి, ఆ సంతోషం జమున కూడా పంచుకుంటుందన్నట్టు. “బాలింతకు చాప కూర పెడ్తె పాలు మంచిగ పడ్తయి.”

మధ్యాహ్నానికల్లా టెంటు విప్పేశారు. ఊరంతా మసాలా వాసన వేసింది. లక్ష్మణ్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. జమున గోడ మీద కూర్చుని ఆ ఫోన్ మోగడం విన్నది కానీ ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి? ఎక్కిన చేపలను లెక్కపెట్టి వదలడానికి పై తొట్టిలో కట్టిన వల అర దగ్గరికి దీపిక, ఇంజనీరు వెళ్ళి వచ్చారు. అందులో పసుపు బియ్యం గింజలు ఉన్నాయి. చేప ఒక్కటీ లేదు.

“నేను గట్టిగ చెప్పాల్సిందక్కా,” అంది దీపిక.

“నువ్వు చెప్పినవ్. నేనే ఇనలే,” అంది జమున. దీపిక మీద కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. వస్తే కొంచెం హాయిగా ఉండేది.

పొద్దు వాలుతుండగా సక్కుబాయి వెతుక్కుంటూ వచ్చి ఆమె ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టింది. డబ్బా ఇంకా వేడిగానే ఉంది.

“పొద్దటి సంది ఏం తినకపోతివి. మిర్గం నాడు వట్టి నోరు ఉండొద్దు బిడ్డా. గుడ్లు నీ కోసమే తీసిపెట్టిన, మా పిల్లకు గూడ పెట్టలే. ఊరంత గిట్ల చాప తిన్నదంటె నీ నోటి పుణ్యమే.”

ఆ మాటలో వెటకారం ఇసుమంత కూడా లేదు. ఉంటే జమున ఆ డబ్బా వాగులోకి విసిరేసేది. సక్కుబాయి చెయ్యి ఆమె తల మీద ప్రేమగా ఆనింది. జమున డబ్బా పట్టుకుని ఆటో ఎక్కింది.

ఒర్రెపల్లిలో మగవాళ్ళు ఇంకా ఒడ్డునే నిలబడి ఉన్నారు. ఆటో దిగిన ఆమె మొహం చూసి, ఒక్కొక్కరే తువ్వాలలు దులుపుకుని ఇళ్ళకు పోయారు. లక్ష్మణ్ మాత్రం అడిగాడు.

“రాత్రికన్న వస్తయా?”

“రావు,” అంది. జరిగిందంతా చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఇంట్లో అంతయ్య డబ్బా మూత తీసి చూశాడు. ఎర్రటి పులుసులో వాలుగ గుడ్లు రెండు చీలికలు. చేప పైకి చేరి ఉంటే ఒర్రెపల్లి మడుగుల్లో ఈపాటికి అవి నీళ్ళలో కలిసి ఉండేవి. ఆయన మూత పెట్టేశాడు.

“మొదటి వరద చాప,” అన్నాడు. “నాకు ఇంగువ బెల్లం కలిపియ్యి బిడ్డా.”

ఆ ఇంట్లో మిర్గం నాడు ఇంగువ బెల్లం అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. జమున కలిపి ఇచ్చింది. ఆయన అటు తిరిగి మింగాడు.

లక్ష్మణ్ పళ్ళెం ముందు కూర్చున్నాడు. “నువ్వు తినకుంటె అది బతికొస్తదా?” అంటూ ఒక ముక్క ఆమెకు తీసి పెట్టాడు. జమున తిన్నది. ఉప్పూ కారం సరిగ్గా పడ్డాయి, చింతపండు పులుపు లోపలికి దిగింది. ఎన్నో ఏళ్ళ తరువాత వాగు చేప రుచి నాలుకకు తగిలింది. బాగుంది. అంత బాగున్నందుకే ఆమెకు దుఃఖం పొర్లుకొచ్చింది, పళ్ళెం పక్కకు తోసి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడవద్దన్న మాట లక్ష్మణ్ గుర్తుచేయలేదు. చెయ్యి కడుక్కుని బయటికి పోయి ఏజెంటుకు ఫోన్ చేశాడు. ‘అవునన్నా, పోత’ అనడం లోపలికి వినిపించింది. మళ్ళీ ఆ మెల్లటి గొంతే.

మర్నాడు పేపర్లో ‘చేపకు ఒడిబియ్యం పోసిన సిరిపేట’ అని ఫొటోతో సహా పడింది. పళ్ళెంలో వాలుగతో నవ్వుతున్న సక్కుబాయి, వెనక రామచంద్రం. దీపిక వెళ్ళేముందు మళ్ళీ ఇంటింటికీ తిరిగి చేపల మెట్ల గురించి అడిగిందట. ఇప్పుడు వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరట. ఆ మాట చెప్పడానికే కాబోలు, రామచంద్రం జమునకు ఫోన్ చేశాడు.

“అమ్మా, శుభవార్త. ఇంజనీరు సారు మెట్లు మూసేస్తనన్నడు. పైకి ఒక్కటి ఎక్కలే కద అన్నడు. మేం ఊరుకుంటమా? ఊరంత కలిసి తీర్మానం చేసినం. గోడా ఉండాలె, మెట్లూ ఉండాలె. ఏటేటా మిర్గం నాడు గిట్లనే పండుగ చెయ్యాలె. చాపలంటె మావోళ్లకు గింత ప్రేమున్నదని నాకే తెల్వది. వచ్చే యేడు ముఖ్య అతిథివి నువ్వే. మీ ఆయన్ని గూడ తీసుకరా.”

“ఆయన ఉండడు సారు. దుబాయి పోతుండు.”

“అయ్యో! ఇప్పుడెందుకు?”

“ఎగువకు చాప రాలే.”

అవతల ఆయన ఒక్క క్షణం నిజంగానే బాధపడ్డాడు. “గందుకా? గంతదానికి ఫికరెందుకమ్మా? మా దిక్కు మస్తుగొచ్చినయి. చెప్తే రెండు పంపియ్యకపోదుమా?”

జమున ఫోన్ పెట్టేసింది. లోపల లక్ష్మణ్ స్టూలు ఎక్కి నిలబడి కిందికి చెయ్యి చాపి ఉన్నాడు. అతను ఎండాకాలంలో కుట్టుకున్న వలను ఆమె మడతపెట్టి అతని చేతికి అందించింది, అతను దాన్ని అటక మీదికి తోశాడు.